బావి మెట్లమీద పాచి

వైప్పారు ఏరు పొంగి మా చేలమీద ఇసుక పోసిపోయిన ఏటికి మరుసటి ఏడు. ఏళాయిరంపన్నై పక్కన మా ఊరు. ఆ వెల్లువలోనే మా మెట్ల బావిలోకి కల్లొట్టి చేపలు వచ్చాయి. వేలెడు చేప. నోరు తల కింద ఉంటుంది. దాంతో రాతిని కరుచుకుని పాచి గీరి తింటుంది. నీళ్ళు ఎంత లాగినా రాతిని వదలదు.

నా పెళ్ళాం అళగమ్మాళ్ కడుపుతో ఉంది. మొదటి కాన్పు. మా అమ్మ తంగమ్మాళ్ ఒకనాడు బావిలోకి తొంగిచూసి, "మురికి తినే చేప ఉండే నీళ్ళు కడుపులో బిడ్డకు పడవు" అంది. చేపలు పట్టే మాడసామిని పిలిచి వల వేయించి, ఒక్కటి మిగలకుండా పట్టించింది.

ఎండలు ముదిరి నీళ్ళు దిగాయి. కిందిమెట్లు పచ్చగా పాచి పట్టాయి. కొబ్బరిపీచుతో రుద్దితే పోయేది, మళ్ళీ వచ్చేది. ఒక పొద్దున పక్కింటి సీనియమ్మాళ్ జారి కడవ పగలగొట్టుకుంది.

ఆనాటినుంచి నాకు నిలకడ లేదు. మడక పట్టి దున్నుతున్నా చెవి బావివైపే. చాలు మధ్యలో ఎద్దులను నిలిపి పోయి, అళగమ్మాళ్ నీళ్ళ కడవతో పైకి వచ్చేదాకా చూసి తిరిగొచ్చేవాణ్ణి.

"ఏం మామా, పారిపోతానని కావలా?" అని నవ్వేది.

"సుమ్మ పోవే, నవ్వులాటలు చాలు. కాలు చూసి దిగు."

"నా కాలు నాకెక్కడ కనిపిస్తా ఉండాది? ముందర నీ బిడ్డే గదా!"

ఆ పూట నేనే కొబ్బరిపీచు పట్టుకుని కిందిమెట్లు రుద్దాను.

ఎప్పుడూ ఆ మెట్లు రుద్దుతూనే ఉండేవాళ్ళం. చేపలున్నన్నాళ్ళూ మాత్రం ఎవరూ రుద్దలేదు. అది తట్టిన మరునాడే చద్ది తాగి, పాత కుండ పట్టుకుని వైప్పారుకు నడిచాను. ఏరు ఎండి మడుగులే మిగిలాయి. రాయి ఎత్తితే అడుగున కల్లొట్టి చేపలు అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్కటి విడదీసి కుండలో వేసుకుని, పొద్దు వాలేసరికి తెచ్చాను.

అమ్మ బావికి అడ్డంగా నిలబడింది.

"ఒరే వెళ్ళైసామీ, బుద్ది చెడిందా? తరిమినదాన్ని చుట్టం మాదిరి పిలుచుకొస్తా ఉండావే!"

"అది మురికి తింటాది గాని, మురికి చెయ్యదమ్మా."

"బిడ్డకు ఏమన్నా అయితే?"

"నీ కోడలు జారితే?"

అమ్మ పక్కకు జరిగింది.

నీళ్ళలో వదిలాను. కొన్ని వెల్లకిలా తేలాయి. మిగిలినవి పోయి రాళ్ళకు అంటుకున్నాయి. మెట్టుమీద కాలు పెట్టి చూశాను. అట్లాగే జారుతోంది. ఇంత చేప అంత పాచిని ఎప్పటికి తినేది? కాన్పు అంతదాకా ఆగదు.

మా ఊళ్ళో మగవాడు తాగునీళ్ళ కడవ ముట్టడు. మరునాడు తెల్లవారగానే అళగమ్మాళ్ చేతిలో కడవ లాక్కుని, భుజాన పెట్టుకుని బావికి పోయాను. అక్కడ ఆడవాళ్ళంతా ఉన్నారు.

"ఏం అన్నా, చీర ఒకటి తెచ్చి ఇచ్చేదా?" అంది సీనియమ్మాళ్.

అందరూ నవ్వారు. నేను దిగి నింపుకుని, ఇంట్లో పోసి, రెండో కడవకు తిరిగొచ్చాను.