ఎవరూ ‘నాది’ అనలేదు

ఆ హోటల్ వంటగదిలో ఒక పద్ధతి ఉంది. పెద్దమేస్త్రీ ఏ పని కేకేసినా ఎవరో ఒకరు “నాది” అనాలి. అన్నారంటే ఆ పని వాళ్ళ మెడకు చుట్టుకున్నట్టే. మాడినా ఒలికినా వాళ్ళదే పూచీ. అందుకే కూరగాయలు తరిగే అమ్మాయి ఆ మాట ఆచితూచి అనేది. పొద్దస్తమానం ఉల్లిపాయలతోనే కాపురం కాబట్టి అందరూ ఆమెను ఉల్లి అనేవారు.

ఆ రోజు భోజనాల రద్దీ తగ్గాక గిన్నెలు కడిగే మిషన్ వచ్చింది. అట్టపెట్టె ఇంకా విప్పలేదు. వెనక తొట్టి దగ్గర పిన్ని ఎప్పటిలాగే మూకుళ్ళు తోముతోంది. వంటగది మొత్తానికీ ఆవిడ పిన్నే.

మేస్త్రీ గరిటెతో బల్ల మీద కొట్టాడు.

“రేపట్నుంచి రావద్దని పిన్నికి చెప్పాలి.”

ఎవరూ “నాది” అనలేదు. వేపుళ్ళు చేసే బావ, అతనూ అందరికీ బావే, మూకుడు మూత ఎత్తి, లోపల ఏదో పారేసుకున్నవాడిలా వెతకసాగాడు.

“ఏం బావా, చెవులు కూడా మాడిపోయాయా?”

“నూనె చిటపటల్లో వినపళ్ళేదు మేస్త్రీ.”

పొయ్యి ఆర్పేసి చాలాసేపయింది.

మేస్త్రీ ఉల్లి వైపు తిరిగాడు. “నువ్వు చెప్పవే. మీ ఇద్దరికీ బాగా పడుతుందిగా. ఒక్క ముక్క చెప్తే నోరేం అరిగిపోదు.”

ఉల్లి కత్తి కింద పెట్టింది. ఒక్క ముక్కే, నిజమే. అది ఎవరి నోటినుంచీ రానంతవరకూ పిన్నికి పని ఉంది. వచ్చిన మరుక్షణం లేదు.

“నేను చెప్పను మేస్త్రీ.”

“పంపేది నేను. నువ్వు ఊరికే చెప్పడమే కదా?”

“చెప్తేనే కదా పంపినట్టు. మీరే చెప్పండి.”

“నిన్ను కూడా పంపించగలను, తెలుసా?”

“తెలుసు. అదైనా మీ నోటితోనే అనండి. బావ చేత కబురు పంపొద్దు.”

“నేను మొయ్యను,” అన్నాడు బావ, చేతిలోని మూతకు చెబుతున్నట్టు.

తొట్టి దగ్గర కుళాయి చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని ఉల్లి అప్పుడే గమనించింది.

మేస్త్రీ విసవిసా తొట్టి దగ్గరికి నడిచాడు. ఇంతకుముందు పంపేసినవాళ్ళెవరి ఎదుటా ఆయన నిలబడలేదు. ప్రతిసారీ ఆ మాటను ఎవరో ఒకరు మోసుకెళ్ళారు. పిన్ని తడి చేతులు నడుముకు ఆనించి, ఆయన కళ్ళలోకి చూస్తూ నిలబడింది.

“చెప్పు నాయనా. ఇటు చూసి చెప్పు.”

మేస్త్రీ నోరు తెరిచాడు. ఆయన చూపు ఆవిడ మొహం మీంచి జారి మూకుళ్ళ మీద పడింది, అక్కణ్ణుంచి అట్టపెట్టె మీదికి పోయింది.

“ఆ మిషన్... దాన్ని నడపడం ఎవరో ఒకరు నేర్చుకోవాలి.”

“నాది,” అంది పిన్ని, వంటగది అవతలి గోడదాకా వినిపించేలా.