గుర్రపు మెడపట్టెలో లాటిమర్ దొర

మా ‘ఏడ్చే బాతు’ బీరు సత్రంలో ఒకప్పుడు ఎవరో రాజు పడుకున్నాడని మా ఆయన చెప్పేవాడు. పచ్చి అబద్ధం. ఇక్కడ పడుకున్నవాళ్ళంతా బల్లల కింద పడుకున్నవాళ్ళే. నూట ఇరవై ఏళ్ళుగా వినోదానికి మాత్రం లోటు లేదు. ఒక ఏడు పొగలు కక్కే గంజి తాగే పోటీ పెట్టాం. గెలిచినవాడికి వారంపాటు మాట పడిపోయింది. మళ్ళీ ఎప్పుడు పెడతారని వాళ్ళావిడ వచ్చి అడిగింది.

అన్నిటికన్నా పాతది ముఖాల పోటీ. బండిగుర్రం మెడకు వేసే గుండ్రటి తోలుపట్టెను గుమ్మంలో వేలాడదీస్తాం. అందులో తల పెట్టి, అందరికన్నా వికారంగా ముఖం పెట్టినవాడికి జరీ అంచు టోపీ. తల దూర్చాడా, పోటీలో ఉన్నట్టే. ఇళ్ళకి గడ్డి కప్పే జేబెజ్ థ్రప్ అప్పటికి తొమ్మిదేళ్ళుగా గెలుస్తున్నాడు. పళ్ళు లేకపోవడం అతని అదృష్టం.

ఆ ఏడు సంత రోజు మధ్యాహ్నం థ్రప్ పదోసారి టోపీ పెట్టుకుని మురిసిపోతుండగా మేజిస్ట్రేటు లాటిమర్ దొర దిగబడ్డాడు. ఈ అసభ్య వినోదాలను కళ్ళారా చూసి నా లైసెన్సు రద్దు చేస్తాడట. మా ఆయన పోయాక నాకు మిగిలింది ఈ సత్రం ఒక్కటే.

“ఏంటమ్మా ఈ దరిద్రం?” అంటూ దొర పట్టెలో తల దూర్చి లోపలికి చూశాడు.

సత్రం దద్దరిల్లింది. చప్పట్లు, ఈలలు. “టోపీ దొరగారికే!” అని అందరూ ఒకటే అరుపు.

థ్రప్ ఒళ్ళు మండి నా మీదికొచ్చాడు. “ఇదెక్కడి న్యాయం కెజయమ్మా? ఆయన ముఖం పెట్టనేలేదే! అది ఆయన సొంతది. పుట్టుకతో వచ్చినదానికి బహుమతేంటి?”

“నోర్ముయ్! ఇది నా ముఖమా?” అన్నాడు దొర.

“కాదా మరి?” అన్నాడు థ్రప్.

“పన్నెండేళ్ళుగా ఆయన బండి తోలుతున్నా,” అన్నాడు కిటికీలోంచి తొంగిచూస్తూ దొర బండివాడు. “రోజూ నేను చూసేది ఇదే.”

“నువ్వూరుకోరా! కావాలనే పెట్టాను. ఎంత కష్టపడ్డానో మీకేం తెలుసు?”

నాకు ప్రాణం లేచొచ్చింది. “అయితే తమరు పోటీలో దిగినట్టే కదండీ దొరగారూ? తమరే ఆడిన ఆటకి నా లైసెన్సెలా తీసేస్తారు?”

దొర ఇరుకున పడ్డాడు. ఆ ముఖం తనదేనని ఒప్పుకోవాలా, చట్టం వదులుకోవాలా? చివరికి కలం తెమ్మన్నాడు. పట్టెలోంచి తల తీయకుండానే నా లైసెన్సు మరో ఏడు సాగేట్టు సంతకం పెట్టాడు. నేను సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

“సరే. ఇప్పుడు చూడండి, ఇదీ నా అసలు ముఖం!” అని దొర మా అందరి వంకా చూసి, ప్రేమగా నవ్వాడు.

థ్రప్ మెల్లగా లేచి, టోపీ తీసి దొర నెత్తిన పెట్టాడు.

“ఒప్పుకున్నా దొరా,” అన్నాడు. “ఇది నేను చచ్చినా పెట్టలేను.”