బయల్దేరకముందే చేరిన గౌను

మా ఆయన దర్జీ. చేతిలో పనితనం ఉంది, మాటకే నిలకడ లేదు. ఏ బట్టనీ చెప్పిన రోజుకి ఇచ్చిన పాపాన పోలేదు. సొంత చెల్లెలి స్కూలు వార్షికోత్సవం గౌను కూడా ఉత్సవం అయిపోయిన మూడోనాడు తెచ్చి చేతిలో పెట్టాడు.

ఆ ఆడపడుచే ఇప్పుడు యాభై రెండో ఏట, మేం స్థిరపడ్డ ఈ తూర్పు కొస దేశం నుంచి మహాసముద్రం దాటితే వచ్చే ఊళ్లో పెళ్లి చేసుకుంటోంది. "శుక్రవారం మధ్యాహ్నం రిజిస్ట్రారాఫీసులో పెళ్లి. నువ్వు కుట్టిన గౌనే వేసుకుంటా అన్నయ్యా" అని ఫోన్ చేసింది. ఈసారీ ఆలస్యమైతే దాని మొహం ఎలా చూడాలని మా ఆయనకి బెంగ పట్టుకుంది. అంత బెంగలోనూ పని మాత్రం మొదలుపెట్టలేదు.

టికెట్లమ్మే అమ్మాయి లెక్క చెప్పింది. "పదకొండు వేల కిలోమీటర్లండీ. పన్నెండున్నర గంటల ప్రయాణం. దారిలో తేదీ రేఖ దాటతారు కాబట్టి, అక్కడి గడియారం మనకంటే పద్దెనిమిది గంటలు వెనక. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఎక్కితే, అక్కడ శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి దిగుతారు."

"ఎక్కకముందే దిగుతామన్నమాట! అంటే ఐదున్నర గంటలు మిగులు!" అన్నాడు మా ఆయన.

"మిగులేం కాదండీ, గురువారమే వెళ్తే నయం" అందా అమ్మాయి.

"నువ్వూరుకోమ్మా."

మిగిలిన గుడ్డముక్క కంటబడితే దాంతో ఓ జేబు కుట్టకుండా ఉండలేని మనిషి. ఐదున్నర గంటలు కనబడితే ఊరుకుంటాడా? గౌనుకి అదనంగా లేసు వేసి, వీపు మీద ముప్పై గుండీలు పెడతానన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. శుక్రవారం పన్నెండయినా మిషను ముందునుంచి లేవలేదు. పరుగెత్తుకెళ్లి విమానం ఎక్కేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. పన్నెండున్నర గంటలూ గుండీలు కుడుతూనే ఉన్నాడు. ముప్పయ్యోది పూర్తయ్యేసరికి విమానం దిగుతోంది.

గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని చెల్లెలి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ నైటీలో, నోట్లో బ్రష్షుతో తలుపు తీసింది. వెనక పెళ్లికొడుకు గుడ్లు వేయిస్తున్నాడు.

"పెళ్లి వచ్చే శుక్రవారం కదా అన్నయ్యా! నీకు వారం ముందు తేదీ చెప్పాను" అంది నాలిక్కరుచుకుని.

మా ఆయన మొహం పాలిపోయింది. "పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వేళకి తెచ్చానే! నన్ను నమ్మలేదా?" అంటూ అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. అబద్ధమెందుకు, నాక్కూడా జాలేసింది.

ఆవిడ గౌను తీసుకుని ముప్పై గుండీలూ తడిమింది. లోపలికి తిరిగి, "ఏవండీ, పొయ్యి ఆపండి. ఇవాళ రిజిస్ట్రారు ఖాళీయేమో అడగండి" అంది.

"చుట్టాలు?" అన్నాను.

"వచ్చే వారం వచ్చి భోంచేసి వెళ్తారు వదినా. మా అన్నయ్య వచ్చిన రోజే నా పెళ్లి."

పదకొండున్నరకి రిజిస్ట్రారు దొరికాడు. పెళ్లికొడుకు వంట చేస్తున్నప్పటి స్వెట్టరుతోనే వచ్చాడు. సాక్షి సంతకం పెడుతూ మా ఆయన తేదీ దగ్గర ఆగిపోయాడు. "ఇవాళేనా?" అని చెల్లెల్ని రెండుసార్లు అడిగి, కళ్లు తుడుచుకుని మరీ రాశాడు.