రిపోర్టు వెనక వైపు

"బట్టలు పిండటం మర్చిపోయావా ఏమిటి అమ్మాయ్? బకెట్టు ఎత్తుతుంటే రాళ్ళు మోసినట్టుంది" అంది అత్తగారు, మేడమెట్ల మధ్యలో ఆగి.

కోడలు వంటింట్లో ఉంది. పొయ్యి మీద కూర అడుగంటకుండా ఓ కన్ను అటేసి, భర్త చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది. ఇవాళ బట్టల మాట. మొన్న అన్నం మాట. "గట్టిగా వండుతున్నావు, నమిలేసరికి దవడ లాగేస్తోంది" అని. అంతకు ముందు వారం మెట్ల మాట. "సబ్బునీళ్ళు పోసి కడుగుతున్నావు, జారతాయేమోనని ఆగి ఆగి ఎక్కాల్సొస్తోంది" అని. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇలాంటివి బస్తాలకెత్తేన్ని విన్నది. చెవి దాకా వచ్చినదాన్ని చెవి దగ్గరే ఆపేయడం నేర్చుకుంది. నేర్చుకోకపోతే ఏ కోడలు బతికి బట్ట కట్టింది గనక!

"చొక్కా అయిందా?" అంటూ వచ్చాడు మాస్టారు, అంటే ఆమె భర్త. కాలేజీలో సాహిత్యం చెబుతాడు. ఆ మధ్యాహ్నం ఆయన ఉపన్యాసం ఉంది, అదీ ఆమె పని చేసే గుండె ఆసుపత్రిలోనే. డాక్టర్లకి గుండె కొయ్యడం వచ్చుగానీ మనిషి గుండె తెలియడం లేదని పైవాళ్ళకి ఎక్కడో తట్టిందట. సాహిత్యం తెలిసిన మనిషిని పిలిచి చెప్పించండి అన్నారట. వారం రోజులుగా అద్దం ముందు నిలబడి చేతులు తిప్పుతున్నాడు.

"నువ్వూ వచ్చి వెనక కూర్చో. రోజూ జిగురు పూయడమేగానీ, గుండె అంటే ఏమిటో ఎప్పుడైనా ఆలోచించావా?" అన్నాడు చొక్కా తొడుక్కుంటూ.

ఆమె దారం పుటుక్కున కొరికింది.

"నేనూ వస్తాన్రా. నా కొడుకు డాక్టర్లకి పాఠం చెబుతుంటే చూడకుండా ఎలా ఉంటాను!" అంది అత్తగారు ఆయాసపడుతూ మెట్లు దిగొచ్చి.

జిగురు పూసే ఉద్యోగం అని ఆయన పెట్టిన పేరు ఎలా పాకిందో ఏమో, ఆసుపత్రిలో కూడా అందరూ ఆమెను జిగురక్క అనే పిలుస్తారు. ఈసీజీ గదిలో పని. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లటి జిగురు రాసి, తీగలు అంటించి మీట నొక్కితే, గుండె ఎలా కొట్టుకుంటోందో కాగితం మీద గీతగా వస్తుంది. తీగలు అంటించడానికి పట్టేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలూ ఎంత గట్టి మనిషైనా మాట్లాడతాడు. చొక్కా విప్పి, కళ్ళు పైకప్పుకేసి పెట్టి, ముక్కూ మొహం తెలియని ఆడమనిషి చేతి కింద పడుకుంటే ఏం దాచగలడు పాపం! లారీ తోలే ఆయన అన్నాడు, ఇంట్లో పరుపు మీద నిద్ర పట్టడం లేదమ్మా, బండి సీటులో ఒరిగితేనే పడుతోందని. ఒక దర్జీ ఆవిడని నొప్పి ఎప్పట్నించి అనడిగితే, మా ఆయన నా కుట్టుమిషను అమ్మేసిన రోజు నించి అంది. వాచ్‌మన్ పని మానేసిన ముసలాయన ఒకడు, నొప్పేం లేదు తల్లీ, ఇక్కడైతే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటారని వచ్చాను అన్నాడు. అవన్నీ ఆమె గీత వచ్చిన కాగితం వెనక పెన్సిలుతో చిన్న అక్షరాల్లో రాసేది. పాత పెద్ద డాక్టరు ముందు గీత చూసి, తర్వాత కాగితం తిప్పి చదివి, అప్పుడు రోగిని పిలిచేవాడు. ఆయన అలా తిప్పిన ప్రతిసారీ, ఈ లోకంలో తన చేతిరాత చదివేవాడు ఒకడున్నాడని ఆమెకి కడుపు నిండినట్టుండేది.

ఆయన రిటైరై ఎనిమిది నెలలైంది. వచ్చిన చిన్న డాక్టరు మొదటి రోజే కాగితం తిప్పి, "ఏమిటక్కా ఈ రాతలు? ఇది గుండె రిపోర్టా, పుట్టింటికి ఉత్తరమా?" అన్నాడు. పక్కనున్న నర్సులు నవ్వారు. ఆ రోజు నుంచి రాయడం మానేసింది.

రాయడమైతే మానేసింది, వినడం ఎలా మానుతుంది? విన్నదంతా లోపల చీమల్లా పాకేది. నడుం వాల్చినా, గిన్నెలు తోమినా, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఒకటే పాకడం. అది పడలేక పాతవీ కొత్తవీ ఇంట్లో చెప్పడం మొదలుపెట్టింది. ఎప్పుడు చెబుతుంది? మాస్టారు భోజనానికి కూర్చున్నప్పుడు, పక్కన నిలబడి వడ్డిస్తూ చెప్పేది. ఆయన పేపర్లోంచి తల ఎత్తేవాడు కాదు. "ఊఁ" అనేవాడు. ఒక్కోసారి అదీ ఉండేది కాదు, "ఉప్పు ఇలా జరుపు" అనేవాడు. వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్న అత్తగారు, "ఊళ్ళో వాళ్ళ గోలంతా నీకే కావాలి" అని సాగదీసేది. అయినా చెప్పేది. గోడకి చెప్పినా కాస్త బరువు దిగుతుంది కదా అనుకునేది.

మధ్యాహ్నానికి అందరూ ఆసుపత్రికి చేరారు. హాలు రెండో అంతస్తులో. లిఫ్టు రోగులకి మాత్రమే అని బోర్డు. మాస్టారు గబగబా ఎక్కిపోయాడు. అత్తగారు సగం ఎక్కి కడ్డీ పట్టుకుని ఆగింది.

"ఈ మెట్లు కూడా నువ్వే కడిగావుటే?" అంది.

కోడలికి నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఏదో ముల్లులా గుచ్చుకుంది కూడా. కానీ పైనుంచి ఎవరో "జిగురక్కా, మంచినీళ్ళ సీసాలు!" అని కేకేశారు. ఉపన్యాసం ఎవరిదైనా నీళ్ళు పెట్టాల్సింది ఆమే. ముల్లు సంగతి పక్కన పెట్టి, అత్తగారిని చివరి వరసలో కూర్చోబెట్టి పరుగెత్తింది.

మాస్టారు బాగా మొదలుపెట్టాడు. గొంతు ఆయనకి దేవుడిచ్చిన ఆస్తి. గుండె గురించి పెద్ద పెద్ద మాటలు నాలుగు చెప్పి, కొంచెం ఆగి, "నేనొక దర్జీ ఆవిణ్ణి ఎరుగుదును" అన్నాడు.

సీసా మూత బిగిస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

దర్జీ ఆవిడ వచ్చింది, కుట్టుమిషను వచ్చింది. లారీ సీటు వచ్చింది. చెయ్యి పట్టుకుంటారని వచ్చిన వాచ్‌మనూ వచ్చాడు. "మీ రిపోర్టుకి ముందు వైపు గీత ఉంటుంది. వెనక వైపు మనిషి ఉంటాడు. తిప్పి చూసే డాక్టరే డాక్టరు" అన్నాడు మాస్టారు. హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది ముందు వరసలో ఉన్న చిన్న డాక్టరు.

ఆమె గోడకి ఆనుకుంది. తన మాటలు పట్టుకుపోయాడన్నది కాదు ఆమెని కాల్చింది. వండింది తిన్నాడు, కుట్టింది తొడుక్కున్నాడు, చెప్పింది చెప్పుకున్నాడు, అందులో కొత్తేముంది! కాల్చిందల్లా ఒకటే. ఆయన విన్నాడన్నమాట. ఒక్క మాట పొల్లుపోకుండా, ఆ ముసలాయన "తల్లీ" అన్న పిలుపుతో సహా విన్నాడన్నమాట. పేపరు అడ్డం పెట్టుకుని, ఉప్పు జరపమని చెబుతూ, లోపల భద్రంగా దాచుకున్నాడు. విననివాడితో కాపురం చేస్తున్నాననుకుని, పోనీలే చెవి పెట్టే గుణం లేని మనిషి అని ఇన్నాళ్ళూ సర్దుకుంది. వింటూ విననట్టు ఉన్నవాణ్ణి ఏమని సర్దుకోవాలి? అక్కడ నిలబడలేకపోయింది, వెళ్ళలేకపోయింది. ఉన్న సీసాలే మళ్ళీ లెక్కపెట్టింది. మూసిన మూతే మళ్ళీ బిగించింది.

అప్పుడన్నాడు ఆయన, "తిట్టే రోగిని ముందు చూడండి. తిట్టు పైకి వినపడుతుంది, దాని కింద నొప్పి వినపడదు."

ఇదీ ఆమె మాటే. పోయిన నెల పెరుగు వడ్డిస్తూ అన్నది. అయితే ఈసారి ఆ మాట మాస్టారి నోట్లోంచి వచ్చి సూటిగా ఆమెకే తగిలింది. బకెట్టు బరువు. దవడ లాగడం. ఆగి ఆగి ఎక్కే మెట్లు. గిరుక్కున తిరిగి చివరి వరసకేసి చూసింది. అత్తగారు ఎడమ దవడ అరచేత్తో పట్టుకుని, చెమటలు కక్కుతూ, కొడుకుని చూసి చప్పట్లు కొట్టలేక నవ్వుతోంది.

మాస్టారు వేదిక మీద నుంచి కళ్ళెర్ర చేస్తున్నా లెక్కచెయ్యకుండా, అత్తగారి భుజం కింద చెయ్యి వేసి లేవదీసింది. లిఫ్టులోకి తోసుకుంటూ తీసుకెళ్ళింది. రోగులకి మాత్రమే అని ఉంది కదా మరి.

"నీ ముందు జాకెట్టు విప్పాలా?" అంది బల్ల మీద అత్తగారు.

"రోజూ నలభై మంది విప్పుతారు అత్తయ్యా. మీదేం కొత్తగా ఉండదు."

"నోరు చూడు దీనికి!" అంది గానీ విప్పింది. జిగురు తగలగానే ఒళ్ళు జలదరించి, పైకప్పుకేసి చూస్తూ, అందరిలాగే మాట్లాడటం మొదలుపెట్టింది.

"దవడ ఎప్పుడు లాగుతోంది అత్తయ్యా? తిన్నప్పుడల్లానా?"

"ఊహూఁ. బట్టలు ఆరేసి దిగొచ్చి తింటేనే. కాసేపు కూర్చుని తింటే ఏం లేదు. ఇవాళైతే కూర్చున్నా వదల్లేదు."

"బకెట్టు ఎప్పట్నించి బరువు?"

"మూడు వారాలు. మొదట్లో పై మెట్టు దాకా వెళ్ళేదాన్ని. ఇప్పుడు ఆరో మెట్టు దగ్గరే ఆగుతున్నా." కాస్త ఆగి, మెల్లగా అంది. "నొప్పి అని చెబితే నా పని కూడా నీ నెత్తినే పడుతుందని తెలుసే. నిన్ను తిట్టడమైతే అలవాటైన పని."

ఆమె తీగ సరిగ్గా అంటిందో లేదో మళ్ళీ నొక్కి చూసింది. ఎవరెవరి గుండెలో విన్నది. తన ఇంట్లో మూడు వారాలుగా మొత్తుకుంటున్న గుండెని, దెప్పిపొడుపనుకుని చెవి బయటే ఆపేసింది.

గీత వచ్చింది. అందులో ఏ వంకా లేదు. కబురందుకుని చిన్న డాక్టరు దిగొచ్చి చూశాడు. "బాగానే ఉందక్కా. గ్యాస్ అయ్యుంటుంది. ఇంటికి తీసుకెళ్ళండి."

ఎనిమిది నెలల తర్వాత ఆమె పెన్సిలు తీసింది. కాగితం తిప్పి రాసింది. మూడు వారాలు, ఆరో మెట్టు, దవడ, ఇవాళ కూర్చున్నా తగ్గలేదు. చేతికిచ్చింది. "వెనక చూడండి సార్."

అతను చదివాడు. చదువుతుంటే మొహం మారింది. "మాస్టారు ఇందాక చెప్పింది ఇదే కదా" అన్నాడు.

"వాడు చెప్పిందీ కాదు, వాడి మొహమూ కాదు!" అంది బల్ల మీద నుంచి అత్తగారు. "అవన్నీ దీని మాటలు నాయనా. అన్నం పెడుతూ ఇది చెప్పేది. వాడు తింటూ విన్నాడు, నేను గుమ్మంలో కూర్చుని విన్నాను. మా ఇద్దర్లో ఒక్కరమూ ఊఁ కొట్టలేదు."

చిన్న డాక్టరు కాగితం మళ్ళీ తిప్పి చూశాడు. రక్తపరీక్షకి పంపాడు, ఇంటికి వద్దన్నాడు. గంట తర్వాత తీసిన రెండో కాగితంలో గీత వంకర తిరిగింది. సాయంత్రానికల్లా మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు. ఇంటికి పంపేసి ఉంటే ఆ ఆరో మెట్టు దగ్గరే అయిపోయేదని, ఆమె కళ్ళలోకి చూడలేక నేలకేసి చూస్తూ చెప్పాడు చిన్న డాక్టరు. "ఇకనుంచి వెనక రాయండక్కా."

"రాస్తాను. కింద నా పేరు కూడా రాస్తాను. అలా పిలవండి" అంది.

మాస్టారు వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఉపన్యాసం అయ్యాక కప్పిన శాలువా ఇంకా భుజం మీదే ఉంది. తల్లికి ప్రమాదం తప్పిందని తెలిసి కళ్ళు తుడుచుకున్నాడు, అది నిజమైన కన్నీరే. తర్వాత గొంతు సవరించుకుని, "ఉపన్యాసం పుస్తకంగా వేస్తారట. ఇంకో పది సంగతులు కావాలన్నారు. ఇంటికెళ్ళాక భోజనాల దగ్గర చెబుదువుగాని" అన్నాడు.

ఆమె తన ఈసీజీ గదికి వెళ్ళింది. తలుపు వేసుకుని బల్ల మీద పడుకుంది. చల్లటి జిగురు తన ఛాతీకి తనే రాసుకుంది, తీగలు తనే అంటించుకుంది, చెయ్యి చాచి మీట నొక్కింది. ఇన్నేళ్ళలో ఆ బల్ల మీద ఆమె పడుకోవడం అదే మొదటిసారి. పైకప్పు మీద నీటి మరక ఉందని అప్పుడే తెలిసింది. గీత శుభ్రంగా వచ్చింది. లేచి, జిగురు తుడుచుకుని, కాగితం తిప్పి పెన్సిలుతో కాదు, పెన్నుతో రాసింది. తిరిగొచ్చి మాస్టారి చేతిలో పెట్టింది.

"ఏమిటిది?" అన్నాడు ఆయన, గీతకేసి చూస్తూ.

"తిప్పండి."

తిప్పాడు. ఇరవై రెండేళ్ళుగా నిలబడి వడ్డిస్తూ మాట్లాడుతోంది, ఇకమీద కూర్చుని మాట్లాడుతుంది అని ఉంది. కింద ఆమె పూర్తి పేరు ఉంది. ఆయన ఆ పేరుని, ఎవరిదో తెలియనట్టు, కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు.