మూడో కుర్చీ చెప్పే జవాబు

“ఇలాగే ఇంకో వారం గడిస్తే పిల్లకు మతి పోతుంది, రాసిపెట్టుకోండి,” అంది అమ్మ, టీ గ్లాసు అందిస్తూ.

“నువ్వు రాసిపెట్టుకోమన్నవన్నీ నిజమైతే నేనీపాటికి పదిసార్లు పోయుండాలి,” అన్నాడు నాన్న పేపరు దించకుండా.

ఆమెకు నవ్వు రాలేదు. కూతురు ఇంజనీరింగ్ కాలేజీలో కొత్తగా పాఠాలు చెబుతోంది. అక్కడ అంతా ఇంగ్లీషులోనే చెప్పాలి. పిల్లలేమో బడి చదువంతా ఇంటి భాషలో సాగినవాళ్ళు. ఏమడిగినా ఉలుకూ పలుకూ లేకుండా బెల్లంకొట్టిన రాళ్ళలా కూర్చుంటారట.

అందుకని కూతురు రోజూ పొద్దున్నే వెనకగదిలో కుర్చీలు వరసగా వేసుకుని, ఆ రోజు పాఠం వాటికి చెప్పుకుంటుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ప్రశ్న అడిగి ఆగుతుంది. చెవి ఒగ్గి వింటుంది. విన్నాక మూడో కుర్చీ వైపు తలూపి “వెరీ గుడ్” అంటుంది. తలుపు చాటునుంచి అది చూసినప్పటినుంచీ అమ్మ గుండెల్లో రాయి పడింది. ఎవరి మాట విని అలా తలూపడం?

గ్లాసు అక్కడ పెట్టేసి, ధైర్యం కూడగట్టుకుని వెనకగదిలోకి వెళ్ళి ఆ మూడో కుర్చీలో కూర్చుంది. కూతురు రమ్మనలేదు, పొమ్మనలేదు. బీరువా తలుపు మీద సుద్దముక్కతో గోడ గీసింది. గోడ వెనక మట్టి, మట్టిలో నీరు. పక్కనే అదే గోడ, ముందుకు ఒరిగిపోయి. ఇంగ్లీషు గలగలా సాగిపోతోంది. అమ్మ అయిదో తరగతి చదువుకు ‘వాటర్’ తప్ప మరో మాట చిక్కలేదు. చివర్లో గొంతు పైకి లేచింది. ప్రశ్న కాబోలు.

కూతురు సూటిగా చూసింది. చూపు అమ్మ మీదే ఉంది గానీ, ఆ చూపులో అమ్మ లేదు. ఆగింది. వింది. తలూపింది.

“వెరీ గుడ్.”

అమ్మ కుర్చీ అంచుకు జరిగింది.

“నేనేం చెప్పానే?”

సుద్దముక్క ఆగిపోయింది.

“నేను నోరే విప్పలేదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నువ్వెవరి మాట విన్నావు తల్లీ? ఈ కుర్చీలో ఎవరున్నారు?”

ముందుగదిలో పేపరు చప్పుడు కూడా ఆగింది. వంటింట్లో కుక్కరు కూసి కూసి ఊరుకుంది. లేచి పోదామనుకుంది అమ్మ. కానీ తను లేస్తే కుర్చీ ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే మళ్ళీ ఎవరొచ్చి కూర్చుంటారో. కుర్చీ అంచులు గట్టిగా పట్టుకుని అలాగే ఉండిపోయింది.

కూతురు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేలమీద చతికిలబడింది. చేతులకంటిన సుద్దను తన చీరకే తుడుచుకుంది.

“నేనేనమ్మా. కాలేజీలో చేరిన ఏడాది నేను. మూడో వరసలో కూర్చునేదాన్ని. ఇప్పుడు క్లాసులో తలెత్తితే అన్నీ నా మొహాలే. నువ్విందాక అన్నావు చూడు, అర్థం కాలేదని... ఈ కుర్చీలో ఆ పిల్ల అన్నిటికీ జవాబులు చెబుతుంది గానీ, అప్పుడైనా ఇప్పుడైనా తన నోట ఆ మాట ఒక్కసారీ రాలేదు.”