కొలిచేదాకా లేవకూడదు

ఇంట్లో అందరూ ఆమెను పొట్టి అనే పిలుస్తారు. ముద్దుగా మొదలైన పిలుపే, కానీ కానిస్టేబుల్ ఉద్యోగానికి పోటీ పడటం మొదలుపెట్టినప్పటి నుంచీ చెప్పులో రాయిలా గుచ్చుకుంటోంది. పోయినసారి రాతపరీక్ష గట్టెక్కింది. పరుగులో తోటివాళ్లకు చుక్కలు చూపించింది. తీరా ఎత్తు దగ్గర వెంట్రుకవాసిలో పోయింది. కొలిచిన అధికారి అయ్యో పాపం అని కూడా అనకుండా తరువాతి పిల్లను పిలిచాడు. ఈ ఏడు దాటితే వయసు మించిపోతుంది. ఇదే ఆఖరు.

మైదానంలో తర్ఫీదు ఇచ్చే మాస్టారు ఇలాంటి వాళ్లకు ఒక చిట్కా చెబుతాడు. మనిషి పడుకుని లేచినప్పుడు కాస్త పొడుగు ఉంటాడట, తిరిగే కొద్దీ వెన్ను కుదించుకుపోతుందట. అందుకని ముందు రోజు పడుకున్న పిల్ల కొలబద్ద కిందే కాళ్లు నేలకు ఆనించాలి. వినేవాళ్లకు నవ్వొచ్చే మాటే. ఉద్యోగం కావలసినవాళ్లకు రాదు.

ఆ ఉదయం ఆమె మావయ్య వ్యానులో వెల్లకిలా పడుకుని ఉండటానికి కారణం అదే. మావయ్య పరుపుల దుకాణంలో డ్రైవరు, కాబట్టి పరుపుకు కరువు లేదు. పక్కన స్టూలు మీద తాతయ్య కూర్చున్నాడు. తాతయ్య అంటే ఆ మావయ్యను కన్న తండ్రి, హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషి. కొడుకును పోలీసును చేయాలని నానా తంటాలూ పడి, వాడు స్టీరింగు పట్టుకున్నాక ఆశంతా మనవరాలి మీద పెట్టుకున్నాడు.

"పరుపు మీద ఊరేగుతూ డ్యూటీకెళ్లే పోలీసువి నువ్వొక్కదానివేనే పొట్టీ," ముందు నుంచి మావయ్య కేకేశాడు. "దొంగ కనబడితే కాసేపు ఆగరా, పడుకుని వస్తా అంటావా?"

"నవ్వించకు మావయ్యా. నవ్వితే ఎంత తగ్గుతానో ఏమో."

తాతయ్య నవ్వలేదు. ఇంటర్వ్యూ లేకపోయినా దారి పొడుగునా పాఠం చెబుతూనే ఉన్నాడు. "జనం తిరగబడ్డాక భయపడి తెల్లదొరలు రాసుకున్న చట్టమమ్మా మాది. దొంగల్ని పట్టడం రెండో పని. జనాన్ని అదుపులో పెట్టడం మొదటి పని. దొరలు పోయారు, టోపీలు మారాయి. ఆ చట్టం మా నాన్న సర్వీసూ చూసింది, నా సర్వీసూ చూసింది."

"ఇదేంటని నువ్వెప్పుడూ అడగలేదా తాతయ్యా?"

"అడిగేవాణ్ణి ఉంచుకుంటారా?"

వ్యాను ఆగింది. మూతపడిన మిల్లు పనివాళ్లు రోడ్డు మీద బైఠాయించారనీ, అడ్డంగా పోలీసులు నిలబడ్డారనీ మావయ్య చెప్పాడు. "పోలీసు సెలక్షన్‌కే వెళ్తున్నామంటే వాళ్లే దారిస్తారులే," అంటూ దిగాడు. పోలీసు ఇంట్లో పుట్టినవాడు మాత్రమే అంత ధీమాగా ఆ గుంపులోకి నడుస్తాడు.

వ్యాను వెనక కిటికీలు లేవు, చుట్టూ రేకే. "సార్, మా మేనకోడలు మీ డిపార్టుమెంటుకే..." అన్న మావయ్య మాట ఆమెకు స్పష్టంగా వినిపించింది. వెంటనే విజిల్. ఉరుకులు, పరుగులు. లాఠీ ఒంటి మీద పడే చప్పుడు.

"నేను వాళ్లలో మనిషిని కాదు సార్. డ్రైవర్ని సార్."

మళ్లీ చప్పుడు. ఎవరో రేకుకు కొట్టుకున్నారు.

"నాన్నా," అన్నాడు మావయ్య. చిన్నపిల్లాడి గొంతుతో అన్నాడు.

ఆమె తల ఎత్తబోయింది. తాతయ్య చెయ్యి భుజం మీద పడింది. "లేవకమ్మా."

"నువ్వైనా వెళ్లు తాతయ్యా. నువ్వు చెబితే వింటారు."

"నేను దిగితే నువ్వు లేస్తావు." ఆయన చెయ్యి తియ్యలేదు.

ముసలి చెయ్యి. ఊపిరి గట్టిగా పీలిస్తే జారిపోయేంత బరువు. బస్తాలు మోసి కండలు పెంచిన పిల్లకు దాన్ని తోసెయ్యడం ఎంత పని? ఆమె తోసెయ్యలేదు. తనను ఆపింది ఆ చెయ్యి కాదని ఆమెకు తెలుసు. సిగ్గుతో ఒళ్లంతా మండిపోతూ, మడమలు జోడించి, వెన్ను తిన్నగా పెట్టుకుని అలాగే పడుకుంది.

చాలాసేపటికి ముందు తలుపు మూసుకుంది. వ్యాను కదిలింది. ఈసారి జోకులు లేవు.

మైదానం దగ్గర వెనక తలుపు తెరుచుకున్నాక చూసింది. మావయ్య చెవి ఉబ్బి ఎర్రబడింది, పెదవి చిట్లింది, కుడి మణికట్టు వేలాడుతోంది. ఆయన ఆ చేతినే ఆమె మోకాళ్ల కిందకు దూర్చాడు.

"దించు మావయ్యా. నడుస్తాను."

"ఇంత దూరం వచ్చి ఇప్పుడు నడుస్తావా? ఊరుకో."

పళ్లు బిగబట్టి ఎత్తుకుని గేటు దాకా మోశాడు. కాపలా పోలీసు చూసి నవ్వాడు. లోపల గడ్డి మీద కాబోయే పోలీసులు బారుగా పడుకుని ఉన్నారు. వాళ్ల పక్కన పడుకోబెట్టి మావయ్య వెళ్లిపోయాడు.

పిలుపు వచ్చాక లేచి నిలబడింది. కొలబద్ద మీది పలక జుట్టును నొక్కి నడినెత్తికి ఆనింది. అధికారి వంగి చూసి, "సరిపోయింది," అన్నాడు.

బయట మావయ్య వ్యాను మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తాతయ్య కాస్త ఎడంగా నిలబడ్డాడు.

"అయిందా?"

"అయింది మావయ్యా."

"బతికించావు." చిట్లిన పెదవితోనే నవ్వాడు. నాన్న వైపు మాత్రం చూడలేదు. నేల చూపులు చూస్తూ అన్నాడు. "అంత గోలలో లోపలికి ఏం వినపడి ఉండదులే. రేకు మందం కదా."

తాతయ్య మైదానం వైపు తిరిగాడు. జవాబు ఆమే చెప్పాలి.

"లేదు మావయ్యా," అంది. "ఏం వినపడలేదు."

తాతయ్య ఆమె వైపు చూశాడు. మనవరాలిని చూసే చూపు కాదు. ఎన్నో ఏళ్లు తనతో కలిసి డ్యూటీ చేసినవాళ్లను చూసినట్టు చూశాడు.