బ్రౌన్ పేపర్ అట్ట వేసిన ప్రేమకథ

రెజిమెంటల్ బజార్‌లో మ్యాచింగ్ సెంటర్ నడిపే జబీన్ ఏ సరుకైనా ముందు లోపం వెతికి, తర్వాతే మంచి చూస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న జపాన్ బొమ్మల నవలకూ అదే పరీక్ష పెట్టింది. ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమకథ అది. లోపాలు బాగానే తేలాయి. ఒక్క మాట అడిగితే తీరిపోయే అపార్థాన్ని నాలుగు అధ్యాయాలు లాగారు. ఇద్దరికీ అమ్మానాన్నలే లేనట్టు, ఇంటి నుంచి ఒక్క ఫోనైనా రాదు. కానీ వాళ్ళు స్కూలు పిల్లలు కారు, ముప్పై దాటినవాళ్ళు. ఉద్యోగం, అద్దె, నడుంనొప్పి అన్నీ ఉన్నాయి. పైగా చేతులు గీసిన తీరు! కప్పు అందించే చెయ్యి చూస్తే చాలు, మనసు తెలిసిపోతుంది. మొత్తం మీద లాభమే అనుకుంది.

అనుకుని దాన్ని హదస్సాకు ఇచ్చింది. హదస్సా మల్కాజ్‌గిరిలో ఇంగ్లిష్ టీచరు. మొదట చీర ఫాల్ కోసం వచ్చి, ఆ తర్వాత ఏ పనీ లేకుండానే ప్రతి శనివారం కౌంటర్ పక్క స్టూల్ మీద కూర్చుంటోంది. ఆ స్టూల్ ఖాళీగా ఉన్న రోజు జబీన్‌కు బేరం మీద మనసు నిలవదు. ఆ సంగతి నోటితో చెబితే, ఆమె కాదంటే, స్టూలే ఖాళీ అవుతుంది. పుస్తకమైతే నచ్చకపోయినా పుస్తకమే నచ్చనట్టు. ముఖచిత్రంలో ఇద్దరూ మరీ దగ్గరగా ఉన్నారని, దానికి బ్రౌన్ పేపర్ అట్ట వేసి, మడతలు లోపల గమ్ముతో అంటించి మరీ ఇచ్చింది.

శనివారం హదస్సా పుస్తకం తెచ్చి కౌంటర్ మీద పడేసింది.

"ఇంత ఏడుపు కథ ఎందుకిచ్చావ్ జబీన్?"

జబీన్ చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది. "ఏడుపేందీ?"

"మరి? మొదటి పేజీలోనే ముద్దు పెట్టుకున్నారు. పోనుపోను దూరమైపోయి, చివరికి లిఫ్ట్‌లో ఎదురుపడితే ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టను కూడా లేదు. ఇలాంటివి ఇలాగే ముగుస్తాయని చెప్పడానికా?"

లిఫ్ట్‌లో ఎదురుపడేది మొదట్లో, పరిచయం కాకముందు కదా! జబీన్ అయోమయంగా చూసి, ఫక్కున నవ్వింది. "ఓ టీచరమ్మా, ఉల్టా చదివినవ్! గిది కుడి నుంచి షురూ అయితది, మా ఉర్దూ లెక్క."

"ఆ ముక్క ముందు చెప్పాలిగా!"

"అండ్ల రాసే ఉంటది..." అంటూ పుస్తకం తెరిచి ఆగిపోయింది. కుడి నుంచి చదవాలన్న సూచన మీదే తన బ్రౌన్ పేపర్ మడత అంటుకుని ఉంది. "మాటలు సుత కలవలేదా?"

"ఫ్లాష్‌బ్యాక్ అనుకున్నా. వారమంతా ఏడ్చాను, తెలుసా?"

బొమ్మల పుస్తకం కోసం ఎవరూ వారమంతా ఏడవరు. జబీన్‌కు తాను తప్పుపట్టిన ఆ నాలుగు అధ్యాయాలు గుర్తొచ్చాయి. ఒక్క మాట అడగని ఆ మొద్దు మనిషికీ, అట్టలు వేసి కూర్చున్న తనకూ తేడా ఏముంది?

"జెర బయటికి రా," అంది.

ట్యూబ్‌లైట్ కింద ఏ రంగునూ నమ్మకూడదని, గుడ్డను మెట్ల మీదికి తెచ్చి ఎండలో చూపించడం ఆ షాపు అలవాటు. హదస్సా వెంట వచ్చింది. "ఏం రంగు చూపిస్తావ్?"

"గుడ్డ కాదు, నన్ను చూడు. నువ్వంటే నాకు ఇష్టం. దోస్తు లెక్క కాదు, గా పుస్తకంల ఉన్నట్టు. నచ్చకపోతే చెప్పు, పరేషాన్ గాకు. స్టూల్ మాత్రం నీదే."

హదస్సా ఎండకు కళ్ళు చికిలించి, జాకెట్టు ముక్కను చూసినంత శ్రద్ధగా ఆమెను చూసింది. "రంగు దిగదు కదా?"

"గ్యారంటీ."

"అయితే ఉండనీ. పుస్తకం ఇటివ్వు, ఈసారి కుడి నుంచి చదువుతా."

లోపలికి రాగానే పక్క హోటల్ నుంచి చాయ్ వచ్చింది. హదస్సా ఒక కప్పు అందించింది. జబీన్ కప్పు చూడలేదు, చెయ్యి చూసింది.